శనివారం మోగిన మంగళవారం గంట

...అసలు మనిషి బుర్రలో ఒక మూల ఎప్పుడూ చెత్తబండి కోసం చెవి రిక్కించుకుని కూర్చుంటే, మిగతా మూలలు ప్రశాంతంగా ఎలా పనిచేస్తాయి, అనుకున్నాడు ఫెర్మీన్ నోటి నిండా పేస్టు నురగతో. ఇరవై తొమ్మిదేళ్ళు బిస్కెట్ల ఫ్యాక్టరీలో, దడదడలాడే యంత్రాల పక్కన స్టాప్‌వాచీ పట్టుకుని నిలబడి, ఒక మనిషి ఒక డబ్బా మూత పెట్టడానికి ఎన్ని సెకన్లు తీసుకుంటాడో కొలిచినవాడతను. ఫిబ్రవరిలో రిటైరయ్యాడు. మార్చి నుంచి ఇంటిని కొలుస్తున్నాడు. ఫలితాలు దారుణంగా ఉన్నాయి. భార్య అరసేలి తాళంచెవులు వెతుక్కోవడానికి రోజుకు నాలుగు నిమిషాలు. అతను "ఏంటీ?" అని అడిగినప్పుడల్లా ఇంట్లోవాళ్ళు చెప్పిందే మళ్ళీ చెప్పడానికి రోజుకు పంతొమ్మిది నిమిషాలు. ఈ మధ్య జనం నోట్లో నోట్లో గొణుక్కోవడం ఎక్కువైందని నోటుబుక్కులో దాని పక్కనే రాసుకున్నాడు.

అన్నిటికన్నా ఘోరమేమిటంటే ఈ ఇంటికి గడియారంతో పనే లేదు. ఆ మాటకొస్తే మెక్సికో నగరంలోని ఆ వీధి వీధికే లేదు. అందరి సంసారాలూ చప్పుళ్ళ మీద నడుస్తాయి. ఇత్తడి గంట మోగిందంటే చెత్తబండి. "గ్యా...స్" అని కేక వినబడితే సిలిండర్లవాడు. పిల్లనగ్రోవి ఊదితే కత్తులు సానపట్టేవాడు. ఎవరు ఎప్పుడొస్తారన్నది వాళ్ళ ఇష్టం. వినబడగానే పరిగెత్తాలి. సంచిని వీధిలో వదిలేసి లోపలికి పోయినవాణ్ణి ఇరుగుపొరుగు జన్మలో క్షమించరు.

నలభై ఏళ్ళుగా ఈ ఇంటికి చెవి అంటే అత్తగారు దోన్యా రెఫూహియో. డెబ్బై తొమ్మిదేళ్ళు. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, రెండు వీధుల అవతల గంట కదిలితే ఇక్కడ "గంట!" అనేది. ఇల్లంతా లేచి నిలబడేది. అలాంటిది ఈ నెలలో రెండుసార్లు బండి వచ్చి వెళ్ళిపోయినా ఆమె నోరు మెదపలేదు. సంచులు వంటింట్లోనే ఉండిపోయాయి, చీమలు పట్టాయి, ఆ సంగతి టొలూకా ఊళ్ళో ఉన్న వదిన, అంటే అరసేలి అక్క, ఎర్మెలిందా దాకా పోయింది.

"అమ్మకి చెవులు పోయాయి. మీరు చూసుకోలేరు. శనివారం వస్తున్నా, ఇల్లు ఇలాగే ఉంటే నాతో తీసుకుపోతా," అందావిడ ఫోన్లో. అమ్మ బట్టల కోసం ఖాళీ సూట్‌కేసు కూడా తెస్తోందట.

ఇంట్లో ఒక మనిషి తగ్గితే పనితీరు మెరుగుపడాలి. ఫెర్మీన్ ఆ లెక్క వేసి చూశాడు కూడా. అరసేలి నర్సు ఉద్యోగానికి వెళ్ళిపోయాక పొద్దున ఏడు నుంచి సాయంత్రం నాలుగు దాకా ఆ కిటికీ పక్క కుర్చీ ఖాళీగా ఉంటుందన్న వరుస దగ్గరికి వచ్చేసరికి పెన్సిలు ఆగిపోయింది. ఆ కాగితం చింపి పారేసి, కొత్తది తీసి, పైన "వ్యవస్థ" అని రాశాడు.

నోరు కడుక్కుని వంటింట్లోకి వచ్చాడు. అదే ఆ శనివారం.

"మిద్దె మీద ఏం పెట్టావు ముసలాడా?" అంది అరసేలి కాఫీ పోస్తూ. పెళ్ళైన మర్నాటి నుంచి ఆమె అతన్ని అలాగే పిలుస్తోంది. పిలుపుకి సరిపడా మనిషి తయారవడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది.

"ఏంటీ?"

"మిద్దె మీద ఏం పెట్టావంటున్నా!"

"వ్యవస్థ."

"కొంపాద్రే ఎవోదియో పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చే స్పీకరులా ఉందది."

"వారం రోజులు వాడుకోమన్నాడు. మన పిల్లకి జ్ఞానతండ్రి, నాకు కొంపాద్రే. ఆమాత్రం ఇవ్వడా?"

దోన్యా రెఫూహియో రొట్టె ముక్కని కాఫీలో ముంచింది. "దాని మూతి ఇంట్లోకి ఉందా అల్లుడూ, వీధిలోకి ఉందా?"

"మెట్లవైపు ఉంది అత్తయ్యా. మీకోసమే. మీకు శుభ్రంగా వినబడాలని."

"నాకోసమా!" అని ఆమె రొట్టెని ఇంకాసేపు ముంచి ఉంచింది.

ఏర్పాటు సులువైనదే. మంగళవారం బండి వచ్చినప్పుడు గంట చప్పుడుని ఫోన్లో పట్టాడు. మధ్యలో ఎదురింటావిడ చాయో పెంచుకునే కుక్క మొరిగినా, సహజంగా ఉంటుందని తీసెయ్యలేదు. ఆ గంట రోజూ బండి రావడానికి ముందే, ఏడూ నలభై ఐదుకి, మిద్దె మీంచి మోగుతుంది. ఇంట్లోవాళ్ళు తీరిగ్గా సంచులు కట్టుకుంటారు. పనిలో పనిగా గ్యాసు కేక ఎనిమిదీ ఐదుకి, పిల్లనగ్రోవి ఎనిమిదీ ఇరవైకి పెట్టాడు. ఎవరైనా మర్చిపోతే గుర్తుచేయడానికి తొమ్మిదీ పావుకి గంట మరోసారి. ధ్వని ఎంత ఉండాలన్నది తన చెవికి హాయిగా ఆనేచోట ఆపాడు.

ఏడూ నలభై ఐదుకి గంట మోగింది. ఫెర్మీన్‌కి మంద్రంగా, ముచ్చటగా వినిపించింది. గూట్లో గాజు గ్లాసులు ఎందుకు వణుకుతున్నాయో మాత్రం అర్థం కాలేదు. అరసేలి రెండు చెవులూ మూసుకుని ఏదో అరుస్తోంది. అత్తగారు మాత్రం కుర్చీలోంచి కదల్లేదు. నిజంగానే పోయాయి పాపం, అనుకుని చెత్తసంచి పట్టుకుని తలుపు తీశాడు.

వీధంతా బయట ఉంది.

సగం గడ్డానికి సబ్బు నురగతో దోన్ ఎవోదియో. తలనిండా క్లిప్పులతో పంతులమ్మ. ఒక కాలికే చెప్పున్న మందుల షాపాయన. ప్రతి చేతిలో సంచి, ప్రతి కన్నూ మలుపు మీద. నిజం చెప్పడానికి పనికొచ్చేది మొదటి పది సెకన్లే. ఆ పది సెకన్లూ ఫెర్మీన్ ఎన్ని తలుపులు ఎంతసేపట్లో తెరుచుకుని ఉంటాయో లెక్కగట్టుకోవడంలో గడిచిపోయాయి. ముప్ఫై ఒక్క ఇళ్ళు, సగటున నలభై సెకన్లు. ఫ్యాక్టరీలో జీవితమంతా అరిచినా ఇంత చురుకు చూడలేదు. ఆనందం కాస్త తగ్గి భయం మొదలయ్యేసరికి ఆలస్యమైపోయింది. అతను కూడా తన సంచితో వరసలో నిలబడి మలుపు వైపు చూడసాగాడు.

"మోగింది కదా, వచ్చేస్తుంది," అన్నాడు ఎవోదియో.

"ఏంటీ?"

"వచ్చేస్తుందంటున్నా కొంపాద్రే!"

"వచ్చేస్తుంది, వచ్చేస్తుంది," అన్నాడు ఫెర్మీన్. అసలు బండి ఎలాగూ రావలసిందే. అది కాస్త తొందరగా వస్తే తన అబద్ధం దాని చక్రాల కింద పడి చదునైపోతుంది. ఇది కూడా ఒక రకం ప్రార్థనే.

ఎనిమిదీ ఐదుకి గ్యాసు కేక వినబడింది. సగంమంది లోపలికి పరిగెత్తి ఖాళీ సిలిండర్లు దొర్లించుకొచ్చారు. వాటిని రోడ్డుకడ్డంగా వరసలో నిలబెట్టారు, ఎవరి వంతు ముందో తర్వాత గొడవ రాకుండా. ఫెర్మీన్ స్పీకరు ఆపుదామని తన గుమ్మం వైపు అడుగు వేశాడు. ఎవోదియో భుజం మీద చెయ్యివేసి ఆపాడు. "ఎక్కడికి కొంపాద్రే? ఇంతసేపు నిలబడి ఇప్పుడు వరస వదులుకుంటావా?"

ఎనిమిదీ ఇరవైకి పిల్లనగ్రోవి. ఆడవాళ్ళు కత్తులు తెచ్చారు. పంతులమ్మ మాంసం నరికే కత్తి తెచ్చింది. ఆవిడ మాంసం తినదని వీధిలో అందరికీ తెలుసు.

ఎనిమిదిన్నరకి అసలు బండి వచ్చింది. దాని ముందు గంట ఊపుకుంటూ గంటవాడు మలుపు తిరిగాడు. రోడ్డుకడ్డంగా సిలిండర్లు. వాటి వెనకాల నిద్రబట్టల్లో అరవైమంది, సగంమంది చేతుల్లో కత్తులు. ఇంతసేపూ ఎక్కడ చచ్చావన్నట్టు అందరూ అతన్నే చూస్తున్నారు. ఈ ఊళ్ళో రాస్తారోకోలు చూసి చూసి గంటవాడికి అనుభవముంది. గంట నాలుకని గుప్పిట్లో పట్టుకుని, ఒక్క ముక్క మాట్లాడకుండా, వెనక్కి వెనక్కి నడిచి మాయమయ్యాడు. బండి కూడా అలాగే పోయింది.

"చూశావా? మన మొహం చూసి పారిపోయాడు!" అంది పంతులమ్మ కత్తి పైకెత్తి. అప్పటిదాకా చెత్త కోసం నిలబడ్డ వీధికి కోపం వచ్చింది.

అంతలో మోటారుసైకిలు మీద పోలీసతను వచ్చి, దూరంగానే ఆగి, మర్యాదగా అడిగాడు. "మీ డిమాండ్లేమిటి?"

ఈ ప్రశ్న కోసం దోన్ ఎవోదియో పంతొమ్మిదేళ్ళుగా ఎదురుచూస్తున్నాడు. గడ్డం మీద ఎండిన నురగ తుడుచుకుని ముందుకొచ్చాడు. "మొదటిది, రోడ్డు మీద ఆ గుంత," అన్నాడు.

తొమ్మిదింటికల్లా పురపాలక కార్యాలయం నుంచి టై కట్టుకున్న అధికారి వచ్చి రాసుకోవడం మొదలుపెట్టాడు. గుంత, వీధి దీపం, నీళ్ళు, మళ్ళీ గుంత. "పొద్దున్నే గంట కొట్టి, మమ్మల్ని బయటికి లాగి, చెత్త తీసుకోకుండా పారిపోయారయ్యా. ఇదేం న్యాయం?" అని ఎవోదియో రొమ్ము విరుచుకుంటున్నప్పుడే వీధి మొదట్లో టాక్సీ ఆగింది. ఖాళీ సూట్‌కేసు ఎదర అడ్డం పెట్టుకుని, కత్తుల మధ్యనుంచి పక్కకి పక్కకి జరుగుతూ వస్తోంది ఎర్మెలిందా.

"ఏంటయ్యా మరిదీ ఇది? అమ్మ బతికే ఉందా?"

"ఏంటీ?" అన్నాడు ఫెర్మీన్. తొమ్మిదీ పావైంది.

మిద్దె మీంచి గంట మోగింది. బండి లేదు, గంటవాడు లేడు, ఖాళీ రోడ్డు. అరవై తలలు ఒక్కసారి పైకి లేచాయి. ఎవోదియో మెల్లగా ఫెర్మీన్ దగ్గరికి జరిగి, చెవిలో ఏదో అన్నాడు.

"ఏంటీ?"

ఎవోదియో ఇంకాస్త దగ్గరికొచ్చి మళ్ళీ అన్నాడు.

"ఏంటీ? గొణక్కుండా చెప్పు కొంపాద్రే!"

"ఆ స్పీకరు నాదే కదా అంటున్నా!"

అది వీధి ఆ చివర మందుల షాపు దాకా వినబడింది. అధికారి కలం పదకొండో డిమాండు మధ్యలో ఆగింది. "ఓహో. అంటే గంట మోగించింది మీరే. బండి రానేలేదు. ఇదంతా నాటకం," అని కాగితాలు మడవబోయాడు. గంట దొంగదైతే గుంత పూడదని వీధి మొత్తానికీ ఒకేసారి అర్థమైంది. కత్తులు మెల్లగా ఫెర్మీన్ వైపు తిరిగాయి.

"ఎవరయ్యా రాలేదన్నది?"

కిటికీలోంచి దోన్యా రెఫూహియో. చేతిలో కాఫీ కప్పు.

"ఎనిమిదిన్నరకి వచ్చింది. గంటవాడు మలుపు తిరిగి, గంట నాలుక గుప్పిట్లో పట్టుకున్నాడు. ఆ ఆగిపోయిన చప్పుడు నాకు వినబడింది. బండి మార్కెట్ వెనక నిలబడి ఉంది. ఇంజను ఇంకా ఆపలేదు. మూడో గేరు దగ్గర కీచుమంటుంది, అదే బండి. కావాలంటే ఫోన్ చేసి కనుక్కో నాయనా."

అధికారి ఫోన్ చేశాడు. విన్నాడు. అవతలివాళ్ళు చెప్పింది నచ్చనట్టు మొహం పెట్టి, మళ్ళీ కాగితాలు విప్పి, పదకొండో డిమాండు పూర్తిచేశాడు. సిలిండర్లు పక్కకి తీస్తే అరగంటలో బండి పంపిస్తానన్నాడు. మార్కెట్ రెండు వీధుల అవతల ఉంది. ఎర్మెలిందా సూట్‌కేసుని అక్కడే రోడ్డు మీద దించేసింది.

ఇంట్లోకి వచ్చాక ఆవిడ మొదటి ప్రశ్న అదే. "మరి ఆ రెండుసార్లూ బండిని ఎందుకు వదిలేశావమ్మా?"

"నేనా వదిలేసింది?" అంది దోన్యా రెఫూహియో. "మార్చి నుంచి అల్లుడు వాచీ పట్టుకుని ఇంట్లో పిల్లిలా తిరుగుతున్నాడు. ఏదో ఒక పని అప్పగిస్తే కుదురుకుంటాడని గంట ఆయనకి వదిలేశాను. మోగింది. పేపరు చదువుతున్నాడు. ఇంకా మోగింది. పేజీ తిప్పాడు."

"చెప్పొచ్చు కదా!"

"మగాడికి నీ చెవులు పోయాయని మొహం మీద ఎలా చెప్పను? పెళ్ళాం చెబుతుందిలే అనుకున్నా."

"నువ్వు చెబుతావని నేననుకున్నా," అంది అరసేలి.

ఫెర్మీన్ ఈసారి "ఏంటీ?" అనలేదు. చాలావరకు వినబడింది. వినబడనిది వాళ్ళ మొహాల్లో ఉంది. దడదడలాడే యంత్రాలు ఇరవై తొమ్మిదేళ్ళ పాటు తననే కొలుస్తూ, ఒక్కో సెకనూ చెవిలోంచి తీసుకుపోయాయి. తను మాత్రం జనం గొణుగుతున్నారని రాసిపెట్టుకున్నాడు.

"మరి ఇవాళ పొద్దున ఎందుకు లేవలేదు అత్తయ్యా?"

"మంగళవారం గంటకి శనివారం ఎందుకు లేస్తాను? వెనకాల చాయో కుక్క మొరిగింది. చాయో బుధవారమే కుక్కని తీసుకుని కూతురి పురిటికి వెళ్ళిపోయింది."

ఎర్మెలిందా ఖాళీ సూట్‌కేసు వైపు చూసి, ఫెర్మీన్ వైపు చూసింది. "అయితే టొలూకాకి మరిదిని తీసుకుపోవాలా?"

"తీసుకుపో. సోమవారానికల్లా దింపెయ్యి," అంది దోన్యా రెఫూహియో. "సంచులు బరువుంటాయి. నేను మొయ్యలేను."

ఫెర్మీన్ మిద్దె ఎక్కి స్పీకరు తీగ లాగేశాడు. దిగి వచ్చి, వంటింటి కుర్చీ ఒకటి తెచ్చి, అత్తగారి కుర్చీ పక్కన వేసుకుని కూర్చున్నాడు. ఇద్దరూ వీధిలోకి చూస్తూ ఉండిపోయారు. అతనికి ఏమీ వినబడటం లేదు. ఇన్నాళ్ళూ దాన్నే ప్రశాంతత అనుకున్నాడు.

కాసేపటికి ఆమె ఒక వేలు పైకెత్తింది. అతను లేచి, సంచి తీసుకుని, తలుపు తెరిచాడు.

ఆ పనికి ఎన్ని సెకన్లు పట్టాయో ఆ రోజు ఎవరూ కొలవలేదు.