ఎంగిలమ్మ

నేను లిప్‌స్టిక్ పూసుకున్నది వృత్తిధర్మంగానే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే మొత్తం విన్నాక మీరు పట్టుకుని వేళాకోళం చేసేది ఆ ఒక్క ముక్కనే అని నాకు తెలుసు.

నా పని తిండిని ఫోటోలు తీయడం. తినడానికి పనికిరాని తిండిని తినబుద్ధయ్యేలా తీయడం. గిన్నెలో పాలలా కనిపించేది జిగురు. రొట్టె మీద తేనెలా జారేది ఇంజన్ ఆయిలు. కాల్చిన కోడి మీద ఆ బంగారు రంగు, తలుపులకు పూసే వార్నీషు. అందుకే మా ఇంట్లో ఏం తినాలన్నా మా ఆవిడ ముందు నన్నడగాలి. "ఏవండీ, ఇది కోడా, తలుపా?" అని.

ఈసారి వచ్చిన పని పెద్దది. వంటల పుస్తకం, నలభై ఫోటోలు. ఆ పుస్తకం సంపాదకురాలిని నేను కత్తెరమ్మ అంటాను. ఆవిడ చేతిలో పడి చెక్కుచెదరకుండా బయటపడ్డ ఫోటో లేదు. మొదటి పదీ చూసి ఫోన్ చేసింది.

"బాగానే ఉన్నాయండీ. కానీ ఈ ఇంట్లో అందరూ పోయినట్టున్నారు."

"ఎవరండీ పోయింది?"

"తినేవాళ్ళు. బల్ల ఉంది, వంట ఉంది, మనిషి జాడ లేదు. ఎవరో ఇప్పుడే తిని లేచినట్టుండాలి. సోమవారానికల్లా ఆ మనిషి కనిపించకపోతే మిగతా ముప్ఫై ఇంకొకరికి ఇచ్చేస్తాను."

మూడేళ్ళలో నాకు దొరికిన పెద్ద పని అదొక్కటే. అది పోతే మళ్ళీ పెళ్ళి ఫోటోలే గతి. పెళ్ళివాళ్ళకు వార్నీషు పూస్తానంటే ఊరుకోరు.

అంటే నాకు కావలసింది ఎంగిలి. పొందిగ్గా, ముచ్చటగా, చూసినవాళ్ళకు నోరూరేలా చేసిన ఎంగిలి. నేనే చేద్దామని కేకు ముక్క కొరికాను. ఎలుక కొరికినట్టు వచ్చింది. ఇక లాభం లేదని మా ఆవిడ లిప్‌స్టిక్ దొంగిలించి, మీసం కింద దట్టంగా పూసుకుని, టీ కప్పు అంచుకు పెదవులు ఆనించాను. ఆ మచ్చ చూస్తే ఎవరో కప్పుని కొట్టినట్టుంది కానీ తాగినట్టు లేదు.

సరే, ఏదో ఒకటని కొత్త కేకు ముక్క పెట్టాను. పక్కన అదే టీ కప్పు, పంచదార గిన్నె, చేతిరుమాలు, కొంచెం ఎడంగా జరిపిన కుర్చీ. కిటికీలో మబ్బు వెలుతురు మారుతోంది కాబట్టి ఐదు నిమిషాలకొక ఫోటో దానంతటదే తీసుకునేలా కెమెరా పెట్టి, పక్కనున్న చీకటి కొట్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. ఫోటోలు వచ్చి పడే కంప్యూటర్ అక్కడే ఉంటుంది. ఎనిమిదింటికి మా ఇంట్లోనే ఉన్న ఈ రెండు గదుల్లోకి వచ్చానంటే ఒంటిగంట దాకా నేను బయటి ప్రపంచంలో ఉండను. బయటికొచ్చేసరికి మా ఆవిడ తను పనిచేసే గ్రంథాలయానికి వెళ్ళిపోయి ఉంటుంది.

పదీ ఇరవైకి పడిన ఫోటోలో కేకు ముక్క నిండుగా ఉంది. పదీ ఇరవై ఐదుకి పడిన ఫోటోలో దాని అంచులు లేవు.

పక్క ఫోటో చూశాను. కప్పు పిడి ఎడమవైపుకు తిరిగి ఉంది. నా లిప్‌స్టిక్ మచ్చ మాయమై, దాని చోట సన్నటి చిన్న పెదవుల జాడ ఉంది. చేతిరుమాలు బుల్లి పడవలా మడతపెట్టి ఉంది. కుర్చీ బల్ల దగ్గరికి జరిగి ఉంది. ఏ ఫోటోలోనూ మనిషి లేదు.

తలుపు తీసుకుని వెళ్ళాను. గది ఖాళీగా ఉంది. కిటికీ గడియ వేసే ఉంది. కుర్చీ మీద చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది.

దానికన్నా భయపెట్టింది ఇంకొకటి. బల్ల మీద రెండు గిన్నెలున్నాయి, ఒకదానిలో జిగురు, ఒకదానిలో పాలు. టీలోకి పాలే పడ్డాయి. ఆ తేడా కిందటి నెల నాకే తెలియలేదు. టీలో జిగురు కలుపుకుని తాగి రెండు రోజులు నోరు తెరవలేకపోయాను. పెళ్ళయ్యాక అంత ప్రశాంతమైన రోజులు మళ్ళీ రాలేదని మా ఆవిడ ఇప్పటికీ చెప్పుకుంటుంది.

ఆ ఫోటోలే పంపాను. కత్తెరమ్మ వెంటనే ఫోన్ చేసింది. "ఈవిడ బాగుందండీ. పుస్తకం చివరిదాకా ఈవిడనే ఉంచండి."

సాయంత్రం మా ఆవిడ వచ్చి వంట మొదలుపెట్టగానే గొంతు తగ్గించి చెప్పాను.

"మనింట్లో దయ్యం ఉంది."

"ఉంటే ఉంది. గిన్నెలు తోముతుందేమో కనుక్కోండి."

"నవ్వులాట కాదు. ఆడదయ్యం. ఎడమచేతి వాటం."

మా ఆవిడ చేతిలో గరిటె ఆగింది. "ఇంకా?"

"అంచులంటే ఇష్టం. మధ్యలో మెత్తటిది వదిలేస్తుంది. టీలో పంచదార వేసుకోదు. తింటూ తింటూ రుమాలుకి మడతలు పెడుతుంది. మాట్లాడే దిక్కులేని మనిషనుకుంటాను, పాపం. ఎంగిలమ్మ అని పేరు పెట్టాను."

"ఒక్కపూటలో ఇంత కనిపెట్టారా?"

"శ్రద్ధగా చూడాలే గానీ, ఎంగిలి చూస్తే మనిషి మొత్తం తెలిసిపోతుంది."

"అయితే చెప్పండి. నేను టీలో పంచదార ఎంత వేసుకుంటాను?"

"రెండు చెంచాలు," అన్నాను ఠక్కున.

ఆవిడ పొయ్యి వైపు తిరిగింది. ఆ పూట కూరలో ఉప్పు లేదు.

మర్నాటి నుంచి నా బతుకు రెండుగా చీలిపోయింది. సగం భయం, సగం మర్యాద. దయ్యానికి కడుపునొప్పి వస్తే పుస్తకం ఆగిపోతుందని వార్నీషు మానేశాను. కేకులు అంచులు ఎక్కువ వచ్చేలా చిన్నచిన్న అచ్చుల్లో కాల్చాను. కుర్చీలో దిండు వేశాను. టీ పొగలు కక్కుతుండగా పెట్టి, చీకటి కొట్లోకి వెళ్ళి కూర్చునేవాడిని.

పట్టపగలు పదిగంటలకు గోడ అవతల కుర్చీ మెల్లగా జరిగేది. చెంచా కప్పుకి మూడుసార్లు తగిలేది. ఒకరోజు ఎవరో సన్నగా కూనిరాగం తీశారు. ఒకరోజు దగ్గారు. దయ్యాలకు జలుబు చేస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. మెడ వెనక వెంట్రుకలు నిక్కబొడుచుకునేవి, అయినా మర్నాడు టీలో అల్లం వేసి పెట్టాను. దిండు మీద దొరికిన పొడుగాటి వెంట్రుకని కాగితంలో పొట్లం కట్టి దాచాను.

ఒక గురువారం ఎంగిలమ్మ రాలేదు. పన్నెండు ఫోటోలు, పన్నెండింటిలోనూ చెక్కుచెదరని కేకు. చల్లారిన టీ. చూస్తుంటే గుండెలో ఏదో ఖాళీ అయినట్టనిపించింది. భయపెట్టే మనిషి రాకపోతే దిగులు పడడమేమిటో నాకర్థం కాలేదు.

శుక్రవారం ధైర్యం చేసి, కప్పు పక్కన కాగితం, పెన్సిలు పెట్టాను. 'అమ్మా, మీరెవరు? మీకేం కావాలి?' అని రాసి, పారిపోయి తలుపు వేసుకున్నాను.

ఐదు నిమిషాలకు ఫోటో వచ్చింది. కాగితం మీద ఒక వరస చేరింది. పెద్దది చేసి చదివాను.

'ఎదురు కుర్చీలోకి ఒక మనిషి కావాలి.'

ఇన్నాళ్ళూ కేకులతో సరిపెట్టుకుంది, ఇప్పుడు మనిషి కావాలట. ఇంట్లో ఉన్నది ఇద్దరం. నన్ను తీసుకెళ్ళేదైతే గోడ అవతల నుంచే తీసుకెళ్ళేది. అంటే అడుగుతున్నది మా ఆవిడని. పుస్తకం పోతే పోనీ, పెళ్ళి ఫోటోలు తీసుకునైనా బతుకుదాం, ఆవిడని మాత్రం ఇంటికి రానివ్వకూడదు. వెంటనే ఆవిడకి ఫోన్ చేశాను.

గోడ అవతల ఫోను మోగింది.

చేతిలోది పెట్టేశాను. అవతలిది ఆగిపోయింది. మళ్ళీ చేశాను. మళ్ళీ మోగింది.

తలుపు తోశాను. కిటికీ వెలుతురులో ఎవరో ఆడమనిషి కూర్చుని ఉంది. ఒక్క క్షణం, నిజం చెబుతున్నాను, ఎవరో నాకు తెలియలేదు. బాగుందనిపించింది కూడా. ఎడమచేతిలో కేకు అంచు పట్టుకుని ఆ మనిషి అంది.

"ఎత్తమంటారా, మోగనిమ్మంటారా?"

"నువ్వు గ్రంథాలయంలో ఉండాలిగా," అన్నాను.

"నాకు మధ్యాహ్నం డ్యూటీ పడి నెల దాటింది. మీకు చెప్పాను. ఊఁ అన్నారు."

"మరి ఏ ఒక్క ఫోటోలోనూ..."

"కెమెరా టిక్కుమనగానే వచ్చి, మళ్ళీ టిక్కుమనేలోపు లేచిపోవడం. ఐదు నిమిషాల్లో తినడం పెళ్ళైన మర్నాటి నుంచీ అలవాటే."

"నిన్న రాలేదేం?"

"జలుబు. మీరు తప్ప అందరూ గమనించారు."

గోడకి ఆనుకున్నాను. "మొదటిరోజే చెప్పి ఉండొచ్చుగా."

"చెబుదామనే అనుకున్నాను. ఆకలేసి తిన్నాను, అంతే. సాయంత్రం మీరు వచ్చి దయ్యం సంగతులు చెప్పడం మొదలుపెట్టారు. పద్నాలుగేళ్ళలో నా గురించి మీరు అంతసేపు మాట్లాడింది ఆ రోజే. ఆపబుద్ధి కాలేదు."

"ఆ పంచదార..."

"ఆ రెండు చెంచాలూ మీవి."

నాకు సిగ్గేసింది. లిప్‌స్టిక్ పూసుకున్నప్పుడు వేయనంత సిగ్గు. వెంట్రుక పొట్లం కట్టి దాచుకున్నవాడిని, ఆ వెంట్రుకలున్న తలని రోజూ చూసీ చూడనట్టు దాటిపోయాను.

ఇంకా పద్నాలుగు ఫోటోలు మిగిలి ఉన్నాయి. ఎంగిలమ్మని బతిమాలాను. ఆవిడ కాగితం వైపు వేలు చూపించింది. వస్తుంది, కానీ ఎదురు కుర్చీలో మనిషి ఉంటేనే. కెమెరా దాని పని అది చేసుకుంటుంది, మీరొచ్చి తినండి అంది. ఎదురుగా కూర్చున్నాను. అల్లం టీ తాగాను. ఏవేవో మాట్లాడుకున్నాం, కెమెరా ఎన్నిసార్లు టిక్కుమందో నేను లెక్కపెట్టలేదు. బల్లవరకే కనిపించేలా ఆ ఫోటోలు కత్తిరించి పంపాను.

కత్తెరమ్మ ఫోన్ చేసింది.

"ఆవిడ ఎప్పటిలాగే బ్రహ్మాండంగా ఉందండీ. కానీ ఎదురుగా ఎవరినో కూర్చోబెట్టారు చూడండి, ఆ మనిషికి తినడం రాదు. బల్లంతా రాలిన ముక్కలు, కప్పు అంచున మీసం తుడిచిన గుర్తులు. ఆ రెండో ప్లేటు తీసేయండి."

మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ రుమాలు మడత పెట్టుకుంటూ తల అడ్డంగా ఊపింది.

"తీయడం కుదరదండీ," అన్నాను. "ఆయన లేకపోతే ఆవిడ రానంటోంది."

"అయితే ఆయనకి కొంచెం తినడం నేర్పమనండి," అంది కత్తెరమ్మ.

నేర్చుకుంటున్నాను. పదిగంటలకల్లా వెళ్ళి కూర్చుంటున్నాను.