ఒక్కొక్కటే మాని చూడండి

కుమారస్వామి ఆ రోజు పొద్దున్న వేసుకున్న పథకం చాలా చిన్నది. తొలి బస్సుకి అమలాపురం వెళ్ళి డాక్టరుకి తల చూపించుకోవడం, ఎండ ముదరకుండా కొత్తపేట తిరిగొచ్చి పెళ్ళివారి జాకెట్లు కత్తిరించడం. ఇంతే. ఇంత చిన్న పథకంతో ఇల్లు కదిలిన మనిషి, నెలా రెండు నెలలు తిరిగేసరికి పెళ్ళాన్ని పుట్టింటికి పంపుకుని ఒంటరిగా అన్నం మాడ్చుకుంటూ కూర్చుంటాడని ఎవరనుకుంటారు చెప్పండి!

అతను దర్జీ. వీధివైపు గది దుకాణం, వెనక రెండు గదులు ఇల్లు. ఆ ఇంట్లో అతనూ, భార్య ఉమామహేశ్వరీ, అతని తలనొప్పీ ఉండేవారు. పిల్లలు లేరు. ఆ లోటు గురించి మాట్లాడుకోవడం ఇద్దరూ ఏనాడో మానేశారు. తలనొప్పి గురించి మాత్రం రోజూ మాట్లాడుకునేవారు. అయిదారేళ్ళ నొప్పి అది. పొద్దున్న కళ్ళు తెరిచేసరికే కణతల దగ్గర కాచుకుని ఉండేది. కళ్ళజోడు మార్చాడు, కాకినాడ వెళ్ళి తలకి ఫోటో తీయించాడు, తలగడ మార్చాడు, మంచం తిప్పి వేశాడు. నొప్పి మాత్రం ఎక్కడికీ కదల్లేదు. ఉమామహేశ్వరి పాపం, పొద్దున్న కాఫీతో పాటు ఒక నొప్పి బిళ్ళ, దీపాలు పెట్టే వేళకి ఇంకొకటి అతని అరచేతిలో పెట్టేది. దేవుడికి దీపం పెట్టడం మరిచిన రోజుంది గానీ మొగుడికి బిళ్ళ మరిచిన రోజు లేదు.

అమలాపురంలో డాక్టరు సోమేశ్వరరావు గారు నిదానస్తుడు. కాగితాలన్నీ తిరగేసి, "మీ తలలో ఏమీ లేదండీ" అన్నారు.

"ఆయ్. మా మావగారు కూడా అదే అనేవారండీ" అన్నాడు కుమారస్వామి దిగులుగా.

డాక్టరు గారు నవ్వలేదు. "ఇలాంటి మొండి నొప్పులకి పైపైన మందు రాస్తే లాభం లేదు. మూలం పట్టుకోవాలి. రోజూ తినేవీ తాగేవీ ఏంటో చూసుకుని ఒక్కొక్కటే మాని చూడండి. ఒకటి మానేక వారం ఆగండి. తగ్గకపోతే అది మళ్ళీ మొదలెట్టి ఇంకోటి మానండి. ఏది మానినప్పుడు నొప్పి తగ్గిందో అదే మూలం. ఇప్పుడు వేరే వైద్యం ఏదన్నా నడుస్తోందా?"

"అబ్బే, ఏం లేదండీ."

మంచి సలహా. పట్నంలో అయితే నిక్షేపంగా పనిచేసేది. కానీ కొత్తపేటలో ఒక మనిషి ఒక వస్తువు మానేస్తే అది ఆ వస్తువుతో పోదు, ఇచ్చేవాళ్ళ మొహం మీద కొట్టినట్టవుతుంది. ఈ సంగతి డాక్టరు గారికి తట్టలేదు. కుమారస్వామికి తెలిసినా, తలనొప్పిలో గుర్తు రాలేదు.

ముందు పాలతో మొదలుపెట్టాడు. నాలుగిళ్ళవతల ఉండే గంగాదేవి గేదె పాలు పోసేది. "రేపట్నుంచి ఓ వారం పాలొద్దండీ గంగాదేవి గారూ" అన్నాడు.

"అదేంటి తమ్ముడు గారూ, నీళ్ళు కలిపేనా?"

"అయ్యయ్యో, అలాంటిదేం లేదండీ. నా తలనొప్పికి మూలం వెతకమన్నారు డాక్టరు గారు."

మధ్యాహ్నానికి వీధి వీధంతా తెలిసిపోయింది. గంగాదేవి గేదె పాలు తాగితే తలనొప్పి వస్తుందని అమలాపురం డాక్టరు తేల్చేశాడట! ఒక ఇల్లాలు తనకీ మొన్న తల బరువుగా ఉందని గుర్తు తెచ్చుకుంది. మర్నాటి నుంచి సగం వీధి పాలు మానేసింది. వారం తిరిగింది, కుమారస్వామి నొప్పి రవ్వంత కూడా తగ్గలేదు. గంగాదేవి చెంబెడు పాలు పట్టుకుని దుకాణం ముందు నిలబడింది. కళ్ళ నిండా నీళ్ళు.

"తగ్గిందాండీ?"

"లేదండీ."

"అయితే నా గేదె తప్పు లేదని మీరే చెప్పాలి. ఇక్కడే, అందరూ చూస్తుండగా తాగండి."

ఆవిడ బాధ చూసి కుమారస్వామికి తల కొట్టేసినట్టయింది. వీధి అరుగు మీద నిలబడి చెంబు ఎత్తి గటగటా తాగి, "పాల తప్పేమీ లేదండోయ్" అని కేక పెట్టాడు. గంగాదేవి చెంగుతో కళ్ళు తుడుచుకుంది. సాయంత్రానికి వీధిలో పాల వాడుక మళ్ళీ మామూలైంది. అక్కడితో ఆ వీధిలో కొత్త మర్యాద ఒకటి పుట్టింది. కుమారస్వామి ఏది మానినా, తరవాత నలుగురి ఎదుటా దాన్ని నిర్దోషి అని చాటాలి.

తరవాత వంతు ఎదురుగా ఉన్న అంజిబాబు హోటలు ఇడ్లీది. ఉమామహేశ్వరికి పొద్దున్నే కుట్టుపని సాయం ఉండేది కాబట్టి ఇడ్లీ అక్కణ్ణుంచే వచ్చేది. అంజిబాబు వరసకి ఏమీ కాకపోయినా అందర్నీ బావగారూ అని పిలిచేవాడు. ఆ వారం మాత్రం కుమారస్వామిని ఏమీ పిలవలేదు. హోటలుకి రోడ్డువైపు పరదా కట్టుకుని కూర్చున్నాడు. వారం అయ్యాక నొప్పి తగ్గలేదని తెలియగానే స్వయంగా వచ్చి, చెయ్యి పట్టుకు తీసుకెళ్ళి, ముందు బల్ల మీద కూర్చోబెట్టి, రెండు చట్నీలు వేసి ఇడ్లీ తినిపించాడు. "గట్టిగా చెప్పండి బావగారూ, లోపల కూర్చున్నోళ్ళకి వినపళ్ళేదు" అన్నాడు. కుమారస్వామి ఇడ్లీ నోట్లో పెట్టుకునే గట్టిగా చెప్పాడు.

కాఫీపొడి, వక్కపొడి, కుళాయి నీళ్ళు, ఒక్కొక్కటే బోనెక్కి దిగాయి. అన్నీ నిర్దోషులే. నెల దాటింది. ఈ తలనొప్పి గొడవలో పెళ్ళివారి జాకెట్లకి చేతులు పొట్టివయ్యాయి. వీధిలో జనం పొద్దున్నే అతని మొహం చూసి రోజు మొదలుపెట్టడం అలవాటు చేసుకున్నారు. చివరికి ఒకరోజు అంజిబాబు గరిటె పుచ్చుకుని, ఎవరినీ ఉద్దేశించకుండా ఒక మాట అన్నాడు.

"బయటియ్యన్నీ అయిపోయినియ్యి. ఇంక మిగిలింది ఇంట్లోదేగా."

ఆ మాట కుళాయి దగ్గరికి నడిచింది. అక్కడ బిందె కింద పెట్టి నిలబడ్డ ఉమామహేశ్వరి చెవిన పడింది. ఇంటికి వచ్చి, సగం నిండిన బిందె గుమ్మంలో దించి, మొగుడి కుట్టుమిషను పక్కన కూలబడింది.

"ఏవండీ, నన్ను కూడా మాని చూడండి."

కుమారస్వామి కాలు పెడలు మీదే ఆగిపోయింది. "ఏం మాటే అది? మతి గానీ పోయిందా?"

"ఊరంతా నా మొహం అదోలా చూస్తన్నారండీ. నా వంట అంటన్నారు, నా జాతకం అంటన్నారు. పిల్లల్లేకపోడానికీ దీనికీ ముడేస్తన్నారు. గేదె తప్పు లేదని అరుగెక్కి చెప్పేరు. ఆ గేదెకున్న పాటి మర్యాద నాకు అక్కర్లేదా?"

కుమారస్వామి బతిమాలాడు, కోప్పడ్డాడు, అంజిబాబుని తిట్టాడు. ఆవిడ పట్టు విడవలేదు. "మీకు తగ్గదు, నాకు తెలుసు. వాళ్ళకి వారమే పెట్టేరు. నాకు పక్షం రోజులు పెట్టండి. రేపు ఎవరూ ఏమీ అనడానికి లేకుండా. తరవాత మీరే వచ్చి తీసుకెళ్ళండి" అని సంచీ సర్దుకుంది. పుట్టిల్లు పలివెల ఎంతో దూరం కాదు, రిక్షా ఎక్కితే చాలు. అయినా ఆ రిక్షా మలుపు తిరిగేటప్పుడు కుమారస్వామికి భార్య దేశం దాటి పోతున్నట్టే అనిపించింది. ఆవిడ చివరిదాకా వెనక్కి తిరిగి చూడలేదు.

మొదటి వారం నరకం. తల పగిలిపోయేంత నొప్పి, వాంతులు, చెయ్యి వణుకు. నొప్పి బిళ్ళల డబ్బా కోసం వెతికాడు, కనబడలేదు. బిళ్ళ పేరేమిటో అతనికి తెలియదు, ఆవిడ పెట్టేది, అతను మింగేవాడు. మందుల షాపుకి వెళితే వీధంతా కూడా వస్తుంది. అందుకని పళ్ళు బిగించి పడుకున్నాడు. కానీ మనసులో మాత్రం ఆనందమే. ఎంత నొప్పి వస్తే ఉమ అంత నిర్దోషి! "తల ఎలా ఉందండీ?" అని ఎవరడిగినా, "పగిలిపోతందండీ!" అని పండగలా చెప్పేవాడు.

రెండో వారం మధ్యలో ఒక పొద్దున్న కుమారస్వామి కళ్ళు తెరిచాడు. కణతలు తడుముకున్నాడు. లేదు. లేచి కూర్చున్నాడు, తల విదిలించాడు, గోడకి మెల్లిగా కొట్టి కూడా చూశాడు. నొప్పి లేదు. అయిదారేళ్ళ తరవాత పిట్టల కూత నొప్పి లేకుండా వినపడింది. ఇంతకన్నా దరిద్రం ఏ మనిషికైనా పడుతుందా! వెంటనే తలకి తువ్వాలు గట్టిగా బిగించి కట్టుకుని, మూలుగుతూ దుకాణం తలుపు తీశాడు.

కానీ తేలికపడ్డ మొహం తువ్వాలుకి దాగుతుందా? అంజిబాబు రోడ్డు దాటి వచ్చి, కొత్త జాకెట్టు మీద తిన్నగా పడ్డ కుట్టు చూసి, అతని మొహంలోకి చూసి, "బావగారూ, తగ్గింది కదూ?" అన్నాడు మెల్లిగా. కుమారస్వామి తువ్వాలు ఇంకాస్త బిగించుకున్నాడు. ఆ రోజంతా దుకాణానికి వచ్చిన ఆడవాళ్ళు గొంతులు తగ్గించి, చావు ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడారు. గంగాదేవి పాలు పోసి ఏమీ అడక్కుండా వెళ్ళిపోయింది. ఆ రాత్రి తేలిక తలతో అతనికి నిద్ర పట్టలేదు. ఖాళీ గదిలో అటు తిరిగి పడుకుని ఏడ్చాడు.

తెల్లారగానే అమలాపురం పరుగెత్తాడు. "మూలం దొరికేసిందండీ" అన్నాడు, చచ్చినవాడి మొహం పెట్టి.

"శుభం! ఏం మానేరు?"

"మా ఆవిణ్ణండీ."

డాక్టరు గారు కుర్చీలో ముందుకి జరిగి కథంతా విన్నారు. నొప్పి బిళ్ళల డబ్బా కనబడలేదన్న చోట చెయ్యెత్తి ఆపారు. "ఏ బిళ్ళలు? రోజూ వేసుకునేవారా?"

"ఆయ్. రెండు పూటలా. ఏళ్ళ తరబడి."

"మరి వైద్యం ఏమీ లేదన్నారు?"

"ఇంట్లోయే కదండీ, అది కూడా వైద్యమేనా?"

డాక్టరు గారు నెత్తి కొట్టుకున్నారు. "ఆ బిళ్ళలేనయ్యా మూలం! అప్పుడప్పుడూ వేసుకుంటే నొప్పి తీస్తాయి. రోజూ మింగితే అవే నొప్పి తెచ్చిపెడతాయి. మానిన కొత్తలో ముదిరి, తరవాత పోతుంది. మీకు జరిగింది అదే. మీ ఆవిడకీ దీనికీ ఏ సంబంధం లేదు. వెళ్ళి తెచ్చుకోండి!"

కుమారస్వామి అక్కడికక్కడే ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాడు. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు కూర్చుకుంటూ, ఇంటి మొహం కూడా చూడకుండా సరాసరి పలివెల వెళ్ళాడు. అత్తగారు సూర్యావతి కుర్చీ వేసింది గానీ మొహం ఎత్తలేదు. ఉమామహేశ్వరి వంటింటి గుమ్మంలో నిలబడింది. పక్షం తిరక్కుండానే చిక్కి సగమైపోయింది.

"తగ్గిందంట కదండీ" అంది.

"ఉమా, ముందు నే చెప్పేది విను..."

"నన్ను చెప్పనివ్వండి. రోజూ గుడికెళ్ళి మీకు తగ్గకూడదని మొక్కుకున్నానండీ. ఏ ఆడదన్నా అలా మొక్కుద్దా? అంత పాపిష్టిదాన్ని." ఆవిడ కొంగు ముడి విప్పి చిన్న డబ్బా తీసింది. "మీ బిళ్ళలు పొరపాటున నాతో వచ్చేసినియ్యి. పంపుదామంటే నా చేతి వస్తువు మీ దగ్గరుంటే పరీక్ష చెల్లదంటారని పంపలేదు. ఎలా ఓర్చుకున్నారోనని కంటి మీద కునుకు లేదండీ. పిల్లల్ని ఇచ్చేనా, ఆస్తి తెచ్చేనా? ఇన్నేళ్ళలో నా చేత్తో మీకు జరిగిన మేలంటే ఈ బిళ్ళ ఒకటేగా."

కుమారస్వామి ఆ డబ్బా వంక చూశాడు. ఆవిడ వంక చూశాడు.

"తగ్గలేదే" అన్నాడు.

"ఏంటీ?"

"రవ్వ కూడా తగ్గలేదు. అంజిబాబు పోసుకోలు మాటలు నమ్ముతావా? ఇప్పుడు కూడా సూదులెట్టి పొడుస్తన్నట్టే ఉంది."

"డాక్టరు గారేమన్నారు?"

"ఇంక మూలం వెతకొద్దన్నారు."

ఉమామహేశ్వరి మొహం విప్పారింది. "అమ్మా, తగ్గలేదంటమ్మా!" అని అరిచింది. సూర్యావతి రెండు చేతులూ ఎత్తి, "కొప్పులింగేశ్వరా, మా మొర ఆలకించేవా తండ్రీ!" అని గుడివైపు తిరిగి దణ్ణం పెట్టి, అల్లుడికి గారెలు వెయ్యడానికి లోపలికి పరుగెత్తింది. ఉమామహేశ్వరి మంచినీళ్ళు తెచ్చి, బిళ్ళ తీసి, ఎప్పట్లాగే అతని అరచేతిలో పెట్టింది. అతను ఆవిడ కళ్ళలోకి చూస్తూ మింగాడు.

సాయంత్రం రిక్షా కొత్తపేట వీధిలోకి రాగానే జనం అరుగుల మీదికి వచ్చారు. కుమారస్వామి రిక్షాలోనే లేచి నిలబడి, తల రెండు చేతులా పట్టుకుని, తగ్గలేదని గట్టిగా చాటాడు. గంగాదేవి పరుగున వచ్చి ఉమామహేశ్వరిని కావలించుకుంది. అంజిబాబు సిగ్గుపడి అందరికీ ఊరికే కాఫీలు పోశాడు. అంత సంతోషం మధ్య కుమారస్వామి ఒక్కడికే, కట్టుకున్నదానితో అబద్ధమాడానన్న బెంగ మనసులో ముల్లులా గుచ్చుకుంది.

ఆ బెంగ ఎన్నాళ్ళో ఉండలేదు. రెండు పూటలా బిళ్ళ అతని అరచేతిలో పడుతూనే ఉంది, నెల తిరక్కుండానే అతను చెప్పింది నిజమైపోయింది.