గేటు దాటడానికి ఏడో నంబరు ఫారం

...అయినా స్త్రీకి మా దగ్గరున్నంత స్వేచ్ఛ ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. కొరాపుట్ దగ్గరి మా టౌన్‌షిప్ మహిళా హాస్టల్ నియమావళి మొదటి పేజీలోనే ఆ సంగతి అచ్చేసి ఉంది. మిగతా పద్దెనిమిది పేజీలూ ఆ స్వేచ్ఛను ఏ వేళల్లో, ఎవరి సంతకంతో వాడుకోవచ్చో చెబుతాయి. పదకొండేళ్లుగా ఈ గేటు దగ్గర రిజిస్టరూ తాళంచెవీ చూసుకుంటున్నవాణ్ని, నాకు తెలియదా? (పురుషుల హాస్టల్‌కీ గేటుండేది. తుఫానుకి పడిపోయింది. పడిందని ఎవరూ గమనించలేదు.)

కిందటి సోమవారం ఇద్దరు అన్వేషకులు వచ్చారు. పొట్టంగి కొండల్లో గుహలకు పటం గీస్తారట. పెద్దావిడ ప్రణతి హిమాలయాల్లో మంచునదులు దాటిన మనిషి. ఆమెకు తోడు సుభశ్రీ. ఇద్దరికీ మా హాస్టల్లోనే బస. మర్నాడు ఉదయం ఏడింటికి గేటు దగ్గరికి రాగానే మర్యాదగా ఏడో నంబరు ఫారం ఇచ్చాను: వెళ్లే కారణం, తిరిగొచ్చే సమయం, సంరక్షకుడి సంతకం.

సంరక్షకుడంటే ఎవరని ప్రణతి అడిగింది. అతిథులకైతే వెంట ఉన్న మగవాడెవరైనా సరే (పేజీ పన్నెండు). వాళ్ల వెంట ఉన్నది జీపు డ్రైవరు జగన్. వచ్చేటప్పుడు రెండుసార్లు దారి తప్పి, రెండుసార్లూ ఆమె చేతే దారి చెప్పించుకున్నవాడు. అతను గంభీరంగా ఇద్దరికీ సంతకం పెట్టి, ఇప్పుడెటు వెళ్లాలని ఆమెనే అడిగాడు.

చిక్కల్లా లహరితో వచ్చింది. లహరి మా కర్మాగారంలో టెక్నీషియన్. గుహల్లో కొలతలు తీసే పరికరం నడపడానికి ఆఫీసు ఆమెను పంపుతోంది. రెండేళ్లుగా ఆమె అడుగుతున్న అవకాశం. ఏడున్నరకు జీపెక్కకపోతే ఆమె బదులు పురుషుల హాస్టల్లో ఉండే నరేంద్ర వెళతాడు. (అతనికి ఆ పరికరం తెలియదు. గేటు మాత్రం లేదు.) హాస్టల్లో ఉండేవాళ్లకు డ్రైవరు సంతకం చెల్లదు. ఫైల్లో నమోదైన సంరక్షకుడే పెట్టాలి. లహరి ఫైల్లో ఉన్నది గుణుపూర్‌లో వ్యవసాయం చేసే వాళ్ల నాన్న.

"మా నాన్న పోయి ఏడాదయిపోనాది రావుగారూ. సంతకం ఎలాగ ఎట్టించమంతారు?"

సంరక్షకుణ్ని మార్చుకోవచ్చని ధైర్యం చెప్పాను. దానికి పాత సంరక్షకుడి అంగీకార సంతకం ఉంటే చాలు.

వార్డెన్ రామతులసిగారు నాకు నచ్చజెప్పబోయారు. గేటు ఇవతలికి రావాలంటే ఆవిడకూ ఫారం కావాలి. అందుకని ఊచల వెనక నుంచే కాసేపు మాట్లాడి ఊరుకున్నారు.

బయటికొచ్చిన ప్రణతి టేపు తీసి గేటు కొలిచింది. నోటు పుస్తకంలో ఏం రాసుకుంటోందో తొంగిచూశాను. "ఎత్తు ఆరడుగులు. దాటడం తేలిక. ఇక్కడివాళ్లు దాటరు."

గేటును కొలిస్తే నన్ను కొలిచినట్టనిపించింది. పదకొండేళ్లలో ఒక్క సంతకాన్నయినా నేను సరిచూడలేదు. మరి నాక్కావలసింది సంతకమేనా? అది వెతుక్కుంటూ ఈ ఆడవాళ్లు నా ముందు ఆగే ఆ కాస్త సేపు కాదు గదా? క్వార్టర్లో నేనొక్కణ్నే. అక్కడ నా ముందు ఆగేవాళ్లెవరూ లేరు. ఈ ఆలోచన నాకు నచ్చలేదు. నచ్చలేదంటే నిజమేనేమో.

ఏడు ఇరవై ఎనిమిది. జగన్ జీపు స్టార్టు చేశాడు.

పెన్ను తీశాను. సంరక్షకుడన్న చోట ఢిల్లీశ్వరరావు అని నా పేరు రాసి సంతకం పెట్టాను. ఉద్యోగం పోవచ్చు. స్త్రీ స్వేచ్ఛ కోసం ఆమాత్రం తెగించకపోతే ఎలా? లహరి కృతజ్ఞతగా చూస్తుందనుకున్నాను.

"తాళం, రావుగారూ," అంది.

తాళం తీశాను. సంరక్షకుణ్ని కదా, సాయంత్రం ఆరులోపు వచ్చెయ్యమని చెప్పాను.