శుక్లాలు లేని నియోజకవర్గం

"ఈ డిసెంబరు ముప్పై ఒకటి సాయంత్రం అయిదు దాటాక నా నియోజకవర్గంలో ఏ ఒక్క కంట్లోనూ శుక్లం ఉండటానికి వీల్లేదు!" అని ఎమ్మెల్యే ఉదయభాస్కర్ గారు ప్రకటించారు. శుక్లాలకు ఇంత గట్టి వార్నింగ్ ఇచ్చిన నాయకుడు దేశంలో మరొకరు లేరు. ఒక విదేశీ సంస్థతో అంతర్జాతీయ భాగస్వామ్య ఒప్పందం కూడా జరిగిపోయింది. ఆపరేషన్ థియేటర్ ఉన్న పెద్ద బస్సు, నలుగురు డాక్టర్లు వాళ్ల వాటా. షామియానా, తాపేశ్వరం కాజాలు, జనం మన వాటా.

ఈ కబురుకి ధవళేశ్వరం రేవు దగ్గరుండే హరిబాబు పొంగిపోయాడు. పార్టీ కార్యకర్త కాబట్టి పొంగడం అతని డ్యూటీయే గానీ, ఈసారి మనస్ఫూర్తిగా పొంగాడు. వాళ్లమ్మ మరిడమ్మ నలభై ఏళ్లు చేపలమ్మిన మనిషి. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరిపోయి, చేప కోయబోయి వేళ్లు కోసుకుంటోంది. కొడుకు కత్తిపీట దాచేసిన రోజు నుంచి ఆవిడకు తిండి కూడా సయించడం లేదు. బస్సెక్కితే చాలు, మళ్లీ బజార్లో కూర్చుంటుంది.

అయితే ఎమ్మెల్యే గారికి ఒక బెంగ ఉంది. కిందటేడు వచ్చిన విదేశీ బృందంతో ఒక రైతు, పార్టీ వాళ్లు పెట్టిన పకోడీ తింటూనే, "పదేళ్లుగా మురుక్కాలవ తవ్వనే లేదండి" అనేశాడు.

"ఇంటికొచ్చినోళ్ల ముందు 'లేదు' అంటే మన గోదారోళ్ల మర్యాద ఏం కాను హరీ? జనానికి ట్రైనింగ్ ఇచ్చెయ్" అన్నారు ఎమ్మెల్యే గారు.

హరిబాబు వారం రోజులు రేవులో ట్రైనింగ్ ఇచ్చాడు.

"మంచినీళ్లు?"

"ఉన్నాయండీ!"

"రోడ్డు?"

"ఉందండీ!"

"రోడ్డెక్కడుందిరా?" అంది మరిడమ్మ.

"నీకెలాగూ కనపడదు గదమ్మా. ఉందను."

అదీ నిజమే అనిపించి, ఉందండీ అంది మరిడమ్మ.

బస్సొచ్చింది. డాక్టర్ ఇంగ్రిడ్ గారు ట్యాబ్ పట్టుకుని కూర్చున్నారు. ముందు సర్వే. చూపు లేదన్నవాళ్లే బస్సెక్కాలి. ఆవిడ ప్రశ్నల్ని బస్సుతో వచ్చిన దుబాసీ విజయ్ పాల్ తెలుగులో అడుగుతున్నాడు.

"మీకు చూపు ఉందా అండి?"

"ఉందండీ!" అన్నాడు ముందు నిలబడ్డ సత్తియ్య.

"డాక్టరు గారు కనిపిస్తున్నారా?"

"లక్షణంగా కనిపిస్తున్నారండి!"

నూట పన్నెండు మంది వరసగా అదే మాట చెప్పారు. ఎమ్మెల్యే గారి వెనకాల నిలబడ్డ హరిబాబుకి తన ట్రైనింగ్ ఎంత బాగా పనిచేసిందో అప్పుడు తెలిసింది. తల్లి వంతు రాగానే, లేదను, లేదను అని రెండు చేతులూ ఊపాడు. ఆ సైగలు కనపడే మాటైతే ఆవిడ క్యాంపుకి రావాల్సిన పనే లేదు.

"మామ్మగారూ, చూపు ఉందా అండి?"

"లేకేం బాబూ! అంతా ఎమ్మెల్యే గారి దయ" అంటూ మరిడమ్మ షామియానా గుంజకి భక్తిగా దణ్ణం పెట్టింది. డాక్టరు గారు తల వంచుకుని టిక్కు పెట్టుకున్నారు.

ముప్పై దేశాలు తిరిగినా చూపు లేనివాళ్ల లెక్క సున్నా రావడం ఇదే మొదటిసారని ఆవిడ కళ్లు తుడుచుకున్నారు. ఎమ్మెల్యే గారు మైకు అందుకుని, డిసెంబరు దాకా ఆగక్కర్లేదని, లక్ష్యాన్ని ఈ మధ్యాహ్నమే సాధించేశామని ప్రకటించారు. చప్పట్ల మధ్య బస్సు అవసరమున్న వేరే చోటికి కదిలింది.

హరిబాబు ఆయన కాళ్లకి అడ్డం పడ్డాడు. "సార్, మా అమ్మకి నిజంగానే కనపడదండి!"

"మెల్లగా అను, ప్రెస్సోళ్లున్నారు. ఇంటర్నేషనల్ రిపోర్టే కనపడుతుందంటుంటే మనం కాదంటే బాగుంటుందా? పైగా వచ్చే నెల ఇంకో దేశం వాళ్లొస్తున్నారు, ఆపరేషన్లు లేకుండా ఎలా సాధించామో నేర్చుకుంటారంట. ట్రైనింగ్ మళ్లీ నువ్వే ఇవ్వాలి" అని ఆయన భుజం తట్టి కారెక్కారు.

మైకు మోతలో మరిడమ్మకి ఏమీ తెలియలేదు. కొడుకు చెయ్యి దొరగ్గానే గట్టిగా పట్టుకుంది.

"మర్యాదకి ఏ లోటూ రానివ్వలేదు గదరా?"

"లేదమ్మా."

"ఇంక ఎక్కించు మరి" అంటూ ఆవిడ చీర కుచ్చెళ్లు కాస్త పైకెత్తి పట్టుకుని, బస్సు మెట్టు కోసం ఖాళీ నేల మీద కాలెత్తింది.