పదకొండు గుండీల ముఠా

"ఈ భూమ్మీద నేరం దాక్కోగలిగిన చోటు ఒక్కటే, నా వీపు వెనక. నా కంటి ముందు పడిందా, దానికి నూకలు చెల్లినట్టే," అని ఆ ఉదయం అతను అద్దంతో చెప్పాడు. అద్దం ఎదురు చెప్పలేదు. ఆ ఇంట్లో అతని మాటకు ఎదురు చెప్పనిది అదొక్కటే.

అతను తనకు తానే పెట్టుకున్న పేరు డేగ. తన చూపు అంత చురుకని గట్టి నమ్మకం. గుమ్మం పక్కన 'డేగ డిటెక్టివ్ సంస్థ' అని బోర్డు కూడా వేలాడుతోంది. సంస్థ అంటే అతను, ఒక భూతద్దం, నాటకాల కంపెనీ నుంచి తెచ్చుకున్న ఒక పెట్టుడు మీసం. బోర్డు పెట్టి ఏడేళ్ళయింది. ఇంతవరకూ తేల్చిన కేసులు ఒకటిన్నర. ఆ ఒకటీ పొరుగింటాయన పోగొట్టుకున్న గొడుగు. అది డేగ చంకలోనే దొరికింది. ఆ సగం గురించి అడిగితే రహస్యమంటాడు. ఇల్లు మాత్రం భార్య టైపిస్టు ఉద్యోగం మీద నడుస్తోంది.

"ఏమండీ, నా కోటుకి గుండీ లేదు," అంది భార్య ఆఫీసుకు తయారవుతూ. "లాండ్రీలో వేసినప్పుడు ఉంది, తెచ్చేసరికి లేదు. మీరు ఖాళీయేగా, ఓసారి వెళ్ళి అడిగి రండి."

డేగ అడగడానికి వెళ్ళలేదు. అడగడం సామాన్యుల పని. అతను తాముండే భవనంలోని మెట్లన్నీ ఎక్కి దిగి, తలుపు తలుపూ తట్టి, మధ్యాహ్నం భోజనాల వేళకు అందరి ప్రాణాలూ విసిగించి ఒక నిజం పట్టుకొచ్చాడు. ఈ రెండు నెలల్లో మరో పది ఇళ్ళ బట్టలకు ఆ లాండ్రీలోనే గుండీలు మాయమయ్యాయి.

"ఒక ఇంట్లో ఒక గుండీ పోతే అది పొరపాటు," అన్నాడు సాయంత్రం భార్య ఇంటికి రాగానే. "పదకొండు ఇళ్ళలో పదకొండు పోతే అది వ్యవస్థ. దీని వెనక మహా ముఠా ఉంది. నేను లోపలికి వెళ్ళాలి."

"ఎక్కడి లోపలికి?"

"లాండ్రీ లోపలికి."

"పొద్దున నేను చెప్పిందీ అదేగా."

"నువ్వు చెప్పింది బట్టలేసే మనిషిగా. నేను వెళ్ళేది వాళ్ళలో ఒకడిగా, మారువేషంలో. ప్రాణాలతో తిరిగొస్తానో లేదో."

"వస్తే దుప్పట్లు కూడా పట్టుకురండి. ఎల్లుండికి ఇస్తామన్నారు," అని ఆమె వంటగదిలోకి వెళ్ళిపోయింది.

మర్నాడు డేగ మీసం అంటించుకుని, ఉతికిన తెల్లచొక్కా తొడుక్కుని లాండ్రీ మెట్లెక్కాడు. తన దొంగ గతం కోసం రాత్రే ఒక కథ కట్టాడు. తల్లీతండ్రీ లేరు, మూడు జైళ్ళు తిరిగాడు, నాలుగో దాన్లోంచి పారిపోయాడు. లాండ్రీ ఓనరు భారీ మనిషి, మెడలో తువ్వాలు, గొంతు మాత్రం పసిపిల్లల్ని నిద్రపుచ్చేంత మెత్తన. అంత మెత్తగా మాట్లాడేవాడు తప్పకుండా ముఠా నాయకుడే అని డేగ అక్కడికక్కడే తేల్చేశాడు.

"బరువులు ఎత్తగలవా?" అని అడిగాడు ఓనరు.

"ఎంత బరువైనా. నా గతం తెలిస్తే—"

"గతం ఎందుకులే. తడి దుప్పట్లు అవిగో."

అలా ముఠాలో స్థానం దొరికింది. లోపలి గది నిండా ఆవిరి. మూలన మనిషంత ఎత్తున్న ఉతికే యంత్రం, దాని పక్కనే తీగల మీద చొక్కాల వరసలు, కిటికీ దగ్గర పొడుగాటి బల్ల. ఆ బల్ల వెనక ఇస్త్రీ చేసే ముసలామె ఇరవై రెండేళ్ళుగా నిలబడే ఉంది. ఓనరుతో సహా అందరూ ఆమెను పెద్దమ్మ అనే పిలుస్తారు. ఆమె కొత్తవాడి ముఖం చూసింది, కాలరు చూసింది, మళ్ళీ ముఖం చూసింది. చిన్నగా నవ్వుకుని ఇస్త్రీపెట్టె అందుకుంది.

'నా నటనకు పడిపోయింది,' అనుకున్నాడు డేగ.

రెండు రోజులు దుప్పట్లు మోసేసరికి అతని నడుము పట్టేసింది. రహస్యం ఒక్కటీ బయటపడలేదు. మూడో రోజు ఓనరు అతన్ని పక్కకు పిలిచాడు.

"మనలో ఎవరో గుండీలు తీస్తున్నారు," అన్నాడు అదే మెత్తటి గొంతుతో. "హోటలు వాళ్ళ కోట్లకు నిన్న ఆరు పోయాయి. దొంగ దొరక్కపోతే బట్టలు వేరే చోట వేస్తామంటున్నారు. ఇదంతా నువ్వు రాకముందే మొదలైంది కాబట్టి నీ మీద నాకు అనుమానం లేదు. ఎవరో నువ్వే కనిపెట్టు."

డేగ గుండె ఉప్పొంగింది. దొంగచాటుగా వచ్చినవాడి చేతికే దొంగను పట్టే పని. ఇలాంటి ఘట్టం కోసమే ఏడేళ్ళుగా అద్దం ముందు సాధన చేస్తున్నాడు. పైగా గదిలో ఉన్నదల్లా ఓనరు, తను, పెద్దమ్మ. ఇక లెక్కపెట్టడానికి ఎవరూ మిగలరు గనక ఆ మేధావికి గంట సరిపోయింది.

మధ్యాహ్నం పెద్దమ్మ చేతులు కడుక్కోవడానికి వెళ్ళగానే బల్ల కింద దూరాడు. పాత గుడ్డల వెనక ఒక రేకు డబ్బా. మూత తీస్తే లోపల గుండీలు. తెల్లవి, నల్లవి, గోధుమరంగువి, నాలుగు కన్నాలవి, రెండు కన్నాలవి.

"ఇదిగో ముఠా ఖజానా," అని డబ్బా ఎత్తి ఓనరు ముందు పెట్టాడు. "చెయ్యి తిరిగిన నేరస్థులంతా ఇలాగే ఉంటారు సార్. చూడ్డానికి అమాయకం. ఇరవై రెండేళ్ళ నమ్మకం వెనక దాక్కోవడం వీళ్ళకు వెన్నతో పెట్టిన విద్య."

ఓనరు డబ్బాకేసి చూశాడు. అప్పుడే లోపలికొచ్చిన పెద్దమ్మకేసి చూశాడు.

"ఇవెక్కడివి పెద్దమ్మా?"

"నావేనయ్యా."

"ఇన్ని గుండీలతో నీకేం పని?"

ఆమె నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పి, నాలుగు మడతలు పెట్టి బల్ల మీద ఉంచింది. ఓనరు చాలాసేపు తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"రేపట్నుంచి రాకు," అన్నాడు చివరికి. ఆ మాట అనడానికి అతనికి చాలా కష్టమైంది.

డేగ ఛాతీ విరిచి నిలబడ్డాడు. ఎవరైనా భుజం తడతారేమోనని చూశాడు. పెద్దమ్మ ఒక్కతే దగ్గరకొచ్చింది.

"నువ్వు కనిపెడతావనుకున్నాను నాయనా."

"కనిపెట్టానుగా."

"సర్లే," అంది ఆమె. "నువ్వు డిటెక్టివ్‌వని నాకు మొదటిరోజే తెలుసు. నీ కాలరు లోపల ఎర్రదారంతో రెండు వందల పద్నాలుగు అని ఉంది చూడు. ఆ నంబరు కుట్టింది నేనే. ఏడేళ్ళుగా నీ చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నాను. ప్రతివారం జేబులో నీ డిటెక్టివ్ కార్డు మర్చిపోతావు, నేనే తీసి పక్కన పెడతాను. డిటెక్టివ్ వచ్చాడు, గుండీలు ఎటు పోతున్నాయో తేలుస్తాడు, నా మీదకు రాకుండా ఉంటుంది అని ఎవరికీ చెప్పలేదు."

లాండ్రీలోకి మారువేషంలో వస్తూ ఆ లాండ్రీ గుర్తున్న చొక్కానే తొడుక్కొచ్చిన ఘనుడు చటుక్కున కాలరు తడుముకున్నాడు. నంబరు వేళ్ళకు తగిలింది. మొహమంతా చెమట పట్టింది. మూడు రోజుల ఆవిరికి అసలే నానిన మీసం ఆ చెమటకు జారి, యంత్రం కింద మురికినీళ్ళు పోయే కాలువలో పడి, ఒక రేకు మూత సందులోంచి లోపలికి కొట్టుకుపోయింది.

అతనిప్పుడు పెద్దమ్మ ముఖం చూడలేకపోతున్నాడు. తలదించుకునే సాకు దొరికిందే చాలని నేలమీద బోర్లా పడుకుని ఆ మూత పట్టుకు గుంజాడు.

"అదేమిటి? నా యంత్రం," అన్నాడు ఓనరు.

"నా మీసం," అన్నాడు డేగ, రెండు చేతులా లాగుతూ.

తుప్పు పట్టిన మూత ఊడి చేతికొచ్చింది. నల్లటి నీళ్ళు ముఖాన కొట్టాయి. వాటి వెనక ఒక జాలీ, జాలీ వెనక మీసం, మీసం వెనక గుండీలు. గలగలమంటూ వచ్చాయి, ఆగి మళ్ళీ వచ్చాయి. గచ్చంతా గుండీలే. వాటిలో హోటలు కోట్ల ఇత్తడి గుండీలు ఆరూ ఉన్నాయి.

"దీనికి మూత ఉందా?" అన్నాడు ఓనరు నీరసంగా. నెలకోసారి తీసి శుభ్రం చెయ్యాలని అమ్మినవాళ్ళు చెప్పే ఉంటారు. ఆ రోజు ఆయన వినలేదు, అంతే. "మరి నీ డబ్బాలోవి ఏమిటి పెద్దమ్మా?"

"పాతబట్టలవి, ఇంట్లో కోసి దాచుకున్నవి," అంది ఆమె. "గుండీ లేకుండా ఏ చొక్కా వచ్చినా అందులోంచి ఒకటి తీసి కుట్టేసేదాన్ని. మన షాపుకి మాట రాకూడదని. ఇన్నేళ్ళూ ఎవరికీ తెలీలేదు. ఈ రెండు నెలలుగా సూదిలో దారం ఎక్కడం లేదు. కళ్ళు ఆనడం లేదయ్యా. ఆ మాట చెబితే పని మానిపిస్తావని భయమేసింది."

ఓనరు బల్ల మీది మడతలు విప్పి ఆ గుడ్డ ఆమె చేతిలో పెట్టాడు. "ఇస్త్రీపెట్టె వేడి చెయ్యే చెబుతుంది పెద్దమ్మా, కళ్ళతో పనేముంది," అన్నాడు తర్వాత. "రేపు ఎనిమిదింటికి రా. నన్ను క్షమించు."

డేగకు ఆ క్షణాన భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఏడేళ్ళలో అతన్ని నిజంగా డిటెక్టివని నమ్మిన మనిషి ఒక్కరే ఒక్కరు, ఆ మనిషినే దొంగను చేశాడు.

అయినా పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది. ఇంటికెళ్ళి భార్యకు దుప్పట్లిచ్చి గంటసేపు కథ చెప్పాడు. అందులో మీసం పొరపాటున పడలేదు, నేరస్థుడికి ఎరగా వేయబడింది.

"బావుంది," అంది ఆమె. "ఆవిడ మన బట్టలకీ గుండీలు కుట్టిందిగా."

డేగ లేచి బీరువా తెరిచాడు. భూతద్దం తీశాడు. తెల్లచొక్కాకు పైనుంచి రెండో గుండీ కాస్త పసుపు. నీలంచొక్కాకు అడుగుది నల్లది. గళ్ళచొక్కాకు పై మూడూ మూడు రకాలు. తొమ్మిది చొక్కాల్లో ఒక్కదానికీ అసలు గుండీలన్నీ మిగల్లేదు.

"ఇవి ఎప్పట్నుంచి ఇలా ఉన్నాయి?"

"ఆరేళ్ళయి ఉంటుంది. డిటెక్టివ్ కదా, చూసే ఉంటారనుకున్నాను."

అతను బీరువా మూశాడు. ఆ రాత్రి అద్దంతో ఏమీ మాట్లాడలేదు.

పొద్దున ఎనిమిదింటికి మీసం లేకుండా లాండ్రీకి వెళ్ళాడు. కిటికీ దగ్గర పెద్దమ్మ పక్కన పీట వేసుకుని, బేసిన్‌లో కడిగిపెట్టిన, తిరిగి బట్టలకు కుట్టాల్సిన నాలుగు వందల గుండీలు ముందు పెట్టుకుని, సూది అందుకున్నాడు. డేగ కన్ను గురిచూసింది. దారం ఎక్కలేదు. ఎంగిలి చేసి మళ్ళీ గురిచూశాడు. ఎక్కలేదు. చివరికి జేబులోంచి భూతద్దం తీశాడు, ఏడేళ్ళలో మొదటిసారి అది ఒకరికి పనికొచ్చింది. దారం ఎక్కిన సూదిని పెద్దమ్మ చేతికిచ్చాడు.

ఆమె మొదటి గుండీ కుట్టి, దారం పళ్ళతో తెంపి, సూది మళ్ళీ చాపింది.

"కాస్త తొందరగా ఎక్కించు నాయనా. ఇంకా మూడు వందల తొంభై తొమ్మిది ఉన్నాయి."