సుగుణమ్మను మళ్ళీ నడిపించిన విధానం

అట్టు తిరగెయ్యబోతూ, అట్లకాడ పెనానికి జానెడు ఎత్తున పట్టుకుని, సుగుణమ్మ హ్యాంగయింది. ఊపిరి ఆడుతోంది, ఒళ్ళు వెచ్చగానే ఉంది, చూపు పెనం మీదే ఉంది. మనిషి మాత్రం నడవడం లేదు. ముందుగదిలో కూర్చుని అంతకుముందు వేసిన అట్టు తింటున్న ఆమె భర్త వీరరాఘవులుకి ఆ సంగతి మాడువాసన వచ్చేదాకా తెలియలేదు.

ఆయన లేచొచ్చి ముందు స్టవ్ కట్టేశాడు. "ఏమేవ్" అన్నాడు. పలకలేదు. ఇంకాస్త గొంతు పెంచి అన్నాడు. భుజం తట్టి చూశాడు. తర్వాత, పళ్ళెంలో ఉన్న సగం అట్టు చల్లారిపోతుందని వెళ్ళి అది తినేసి, చెయ్యి కడుక్కుని, అప్పుడు మునిసిపాలిటీకి ఫోన్ చేశాడు.

మనుషులు ఆగిపోవడం ఆ ఊరికి కొత్త కాదు. అందరి లోపలా నడిచేది, కంప్యూటర్లని నడిపే ఆ లినక్సే. ఖర్చు లేనిది, మొండిది, ఏళ్ళ తరబడి ఆగకుండా నడుస్తుందని దానికి పేరు. ఆపకుండా నడిపినందువల్ల వచ్చే ఇబ్బందులు చూడడానికి ఆఫీసులో ఒక విభాగం పెట్టి, దోమలమందు విభాగం పక్కగది ఇచ్చారు. కుళాయి రాకపోతే ఎట్లా చెబుతారో అట్లాగే దీనికీ చెబుతారు. ఫోనెత్తినాయన వీధి పేరు రాసుకుని, ఏం చేస్తుండగా ఆగిందని అడిగి, ఊపొద్దు, నీళ్ళు చల్లొద్దు, మనిషిని పంపిస్తున్నాం అన్నాడు.

"సాయంత్రం అయిదుకల్లా కదలకపోతే మాత్రం వేరే జట్టు వస్తదండీ. పాతది మొత్తం తీసేసి కొత్తగా ఎక్కిస్తారు. రూపం అదే ఉంటది. వంటొస్తది. మీరెవరో మళ్ళీ మీరే పరిచయం చేసుకోవాల."

ఆ మాటకి వీరరాఘవులు గోడ గడియారం వంక చూశాడు. తనకి ఏ మోకాలు నొప్పో, ఏ పూట ఏ మాత్రో, ఏ చెల్లెలింటి కబురు తన దగ్గర ఎత్తకూడదో, ఇవన్నీ సుగుణమ్మకి ఆయన చెప్పి ఎరగడు. ఆమే తెలుసుకుంది. ఈ వయసులో ఒక కొత్త ఆడమనిషి ముందు కూర్చుని తన సంగతి మొదటినుంచీ చెప్పుకోవాలంటే ఏం చెప్పాలో కూడా ఆయనకి తోచలేదు. నాకు ఈమే కావాలి అనుకున్నాడు. అట్లా అనుకోవడం ఆయనకదే మొదలు.

విభాగం నుంచి దయామణి వచ్చింది. నడివయసు మనిషి, చేతిసంచీలో చిన్న కంప్యూటరు, నాలుగు వైర్లు. చెప్పులు గుమ్మంలో విడిచి, వంటింట్లోకి వెళ్ళి, సుగుణమ్మ చెవి వెనక వైరు పెట్టి, పీట వేసుకుని కూర్చుంది. పక్కింటి మస్తానమ్మ పిట్టగోడ మీంచి తొంగి చూసింది.

"ఆగిందా? ఎప్పుడో ఆగిద్దనుకున్నా. గట్టి పిండం."

"నువ్వు లోపలికి పోమ్మా" అన్నాడు వీరరాఘవులు.

"పోతాలే అన్నయ్యా. అట్టు మాడిన వాసనకొచ్చా. నువ్వు వేశావేమోనని భయపడ్డా."

దయామణి నిదానంగా ఒక్కొక్కటే చూసింది. వైరు సరిగానే ఉంది. వేడి ఎక్కువేమీ కాదు. చచ్చిన కేసు కాదు, నిద్ర కేసూ కాదు. "లోపలికి పోయి చూడాలి బాబాయి గారూ. పేరు చెప్పండి."

"సుగుణమ్మ."

ఆమె ఆ పేరు టైపు కొట్టింది. తెర మీద ఎర్రగా ఒక ముక్క పడింది. "ఆ పేరుతో ఎవరూ లేరంటోంది."

"లేకపోవడమేంది? ఆధార్లో అదే ఉంది, ఓటుకి అదే ఉంది."

"అవి పైవండీ. లోపల మొదట పెట్టిన పేరు ఏదో అదే ఉంటది. కొంచెం గుర్తు చేసుకోండి. ఎక్కువసార్లు తప్పు కొడితే తలుపు మూసుకుపోద్ది, మళ్ళీ రేపటిదాకా తెరుచుకోదు. మనకి అయిదు దాకానే టైముంది."

సుగుణ అని కొట్టించాడు. సుగుణకుమారి అని కొట్టించాడు. రెండూ కాదంది. ఇంకొక్కసారే ఉంది, ఇక ఊహించొద్దు, అడిగి తెలుసుకోమని దయామణి చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

వీరరాఘవులు విజయవాడలో ఉన్న కొడుక్కి ఫోన్ చేశాడు. "అమ్మ పేరేందిరా?" అంటే, "అమ్మ పేరు అమ్మే గదా నాన్నా, మీటింగులో ఉన్నా" అన్నాడు. సుగుణమ్మ చనిపోయిన అన్న భార్యకి చేశాడు. "మేం వదినా అనేవాళ్ళం అన్నయ్యా. మీ బావగారు చెల్లీ అనేవారు. పేరుతో ఏం పని పడిందీ?" అంది. సుగుణమ్మ చెల్లెలి కొడుకు, పెద్దమ్మ అన్నాడు. ఎవరినడిగినా వరసే చెప్పారు. వరసలన్నీ దయామణి విని, "వరసలతో తెరుచుకోదండీ" అంది. ఆ వంటింట్లో నిలబడి ఉన్నామె ఇంతమందికి ఇన్ని అయింది గానీ, ఏ ఒక్కరికీ పేరు కాలేదు.

చివరికి రేపల్లెలో సుగుణమ్మ మేనత్త వజ్రమ్మ బతికే ఉందని గుర్తొచ్చింది. ఆమెకి చెవులు సరిగా వినపడవు. వీధంతా వినేట్టు అరవాల్సొచ్చింది.

"పేరా? నేనే గదా పెట్టింది దానికి! మీ అమ్మ పేరే నాయనా దానిదీను. ఒక కప్పు కింద అదే పేరుతో ఇద్దరుంటే, కోడల్ని తిట్టినప్పుడల్లా తనని తిట్టుకున్నట్టు ఉంటదని, పీటల మీంచి లేవకముందే మార్పించింది మీ అమ్మ. నువ్వు పక్కనే ఉన్నావు గదా అల్లుడూ!" అని ఫోను పెట్టేసింది.

ఫోనులోంచి ఆమె కేకలు వంటింట్లో అందరికీ వినపడ్డాయి. దయామణి వేళ్ళు మీటల మీద పెట్టి చూస్తోంది.

"మీ అమ్మగారి పేరు చెప్పండి."

ఆయన నోరు తెరిచాడు. అమ్మని తాను అమ్మా అన్నాడు. నాన్న ఏమేవ్ అన్నాడు. నాన్నకి మిల్లు ఉండబట్టి ఊళ్ళోవాళ్ళు మిల్లుగారి ఆవిడ అన్నారు. చివరికి, ఏటేటా తద్దినం రోజున అయ్యవారు తన చేత అనిపించే ముక్క గుర్తొచ్చింది. కళ్ళు మూసుకుని, కుడిచెయ్యి నీళ్ళు వదులుతున్నట్టు పెట్టి, మొత్తం మొదటినుంచీ అనుకుంటూ వచ్చి, ఆ పేరు దగ్గర ఆగాడు.

"మాణిక్యమ్మ."

తలుపు తెరుచుకుంది.

దయామణి ముందు హక్కులు చూసింది. ఏ మనిషికైనా లోపల మూడు హక్కులుంటాయి, నడిపేది, రాసేది, చదివేది. అవి ఎవరెవరికి ఇచ్చి ఉన్నాయో చూస్తే సగం జబ్బులు తెలిసిపోతాయని ఆమె చెప్పింది.

"సొంతదారు మీరండీ. అంతకుముందు వాళ్ళ నాన్నగారు."

"మరి ఆమెకి?"

"నడిచే హక్కుంది." ఇంకాస్త కిందకి చూసింది. "నడిపే హక్కు ఇంట్లో అందరికీ ఇచ్చారు. మీ చెల్లెళ్ళకీ ఉంది. రాసే హక్కూ అంతే, వచ్చినవాళ్ళందరూ రాసిపోయారు. చదివే హక్కు కూడా అందరికీ ఇచ్చే ఉందండీ. ఎవరూ వాడలేదు."

"ఎప్పుడూనా?"

"ఒక్కసారి తెరిచినట్టు కూడా లేదు."

తర్వాత జాగా చూసింది. జాగా అసలు మిగల్లేదు. చుక్క పట్టేంత కూడా లేదు, ఆగిపోవడానికి కారణం అదే. ఏముండి నిండిందని వీరరాఘవులు అడిగాడు. ఆ సీరియళ్ళే అయ్యుంటాయి, లేకపోతే పుట్టింటి గొడవలు, చీరల గోల అన్నాడు. దయామణి ఒక్కోటీ విప్పి చూపించింది. సీరియళ్ళు గోరంత. చీరలు అంతకన్నా తక్కువ. కొడుకు చిన్నతనం కాస్త పెద్దదే గానీ మడిచి పెట్టుకుంది. మిగతా జాగా అంతా ఆక్రమించింది లాగులు.

"అంటే?"

"మామూలుగా మనిషికి లోపల ఏదన్నా తేడా వస్తే పైకి అనేస్తది. అనకపోతే అది పోదండీ. తేదీ వేసుకుని లోపలొక వరసలో పడుతుంది. అనని మాటకి ఒక వరస. మా భాషలో వాటినే లాగులంటాం. ఈవిడ పైకి అసలేమీ వదల్లేదు."

వీరరాఘవులు కళ్ళజోడు తుడుచుకుని తెర దగ్గరికి వంగాడు. పెళ్ళయినప్పటినుంచీ అననివన్నీ పై నుంచి కిందకి జారిపోతూనే ఉన్నాయి. ఒకచోట ఆపమన్నాడు.

"బస్సులో కిటికీ పక్కన ఆయన కూర్చున్నారు. నాకు వాంతొస్తుందని చెప్పలేదు. కొంగులో పట్టుకున్నాను."

ఇంకొంచెం జరపమన్నాడు.

"పులుసు బాగుందన్నారు చుట్టాలు. అమ్మ చేసినట్టు లేదన్నారు ఆయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను."

ఇంకాస్త జరిపింది ఆమె.

"చిన్నాడబడుచుకి పెళ్ళిచూపులు. అమ్మ పోయిందని కబురొచ్చింది. వచ్చినవాళ్ళు తిని లేచేదాకా ఏడవొద్దన్నారు అత్తయ్య. ఆయనకి తెలుసు. వడ్డించాను. రెండోసారి పప్పు అడిగారు ఆయన. నేను వెళ్ళేసరికి అమ్మని తీసుకెళ్ళిపోయారు."

వీరరాఘవులు కళ్ళజోడు తీసేశాడు. అట్లకాడ పట్టుకున్న చెయ్యి ఆయన తలకి కాస్త పైన, గాలిలో అలాగే ఉంది.

దయామణి ఆఫీసులో చెప్పే మాట చెప్పింది. దీనికి దారులు రెండు. ఒకటి, వరసగా చదవడం. చదివి, ప్రతి దానికీ ఏదో ఒకటి బదులు చెబితే అది తనంతట తనే సర్దుకుంటుంది, జాగా వస్తుంది. చదవడం మొదలుపెట్టారని తాను ఒక్క ఫోన్ చేస్తే అయిదింటి జట్టు రాదు. రేపూ, ఎల్లుండీ, ఎన్నాళ్ళయినా చదువుకోవచ్చు. రెండోది, ఒక్కసారే తుడిచెయ్యడం. నిమిషం పట్టదు.

"తుడిస్తే ఈమే ఉంటదా?"

"ఈవిడే ఉంటారండీ. మీ మాత్రలూ, మోకాళ్ళూ అన్నీ గుర్తుంటాయి. ఇవి మాత్రమే పోతాయి."

"అందరూ ఏం చేస్తారమ్మా?"

"మొదటిది ఇంతవరకూ ఎవరూ అడగలేదు."

వీరరాఘవులు తెర వైపు చూశాడు. ఆ వరసకి ఎక్కడా అడుగు కనిపించలేదు. చదివినన్నాళ్ళు కూడు ఎవరు వండుతారని ఒక ఆలోచన వచ్చింది. అది నిజమైన కారణం కాదని ఆయనకీ తెలుసు. బదులు చెప్పాలి అన్నది దయామణి. రెండోసారి పప్పు అడిగినందుకు ఏం బదులు చెబుతారు? ఆ రోజు పప్పు బాగుంది. అంతకన్నా ఆయన దగ్గర ఏమీ లేదు.

"తుడిచెయ్యి" అన్నాడు.

"సొంతదారు మీరే కాబట్టి మీరే నొక్కాలండీ."

నొక్కాడు. సుగుణమ్మ చెయ్యి కిందికి దిగి, అట్లకాడ పెనం మీద మాడిన అట్టుని గీకింది. ఆమె స్టవ్ వంక చూసి, మళ్ళీ వెలిగించి, "ఇంకో అట్టు వెయ్యమంటారా?" అంది. గొంతు మెత్తగా ఉంది. దయామణి వైరు తీసి చుట్టుకుంటూ, ఇట్లా వదిలేస్తే ఎప్పటికైనా మళ్ళీ నిండుతుందని, ప్రతి శనివారం దానంతట అదే తుడుచుకునేట్టు పెట్టమంటారా అని అడిగింది.

"ఇబ్బందేం ఉండదుగా?"

"మాకు డిపార్టుమెంటువాళ్ళే పెట్టారండీ. పై ఆఫీసరు ఏమన్నా శనివారం దాకానే. చాలా హాయి."

పెట్టించాడు. బయటికి వస్తుంటే పిట్టగోడ దగ్గర మస్తానమ్మ మొగుడు నిలబడి ఉన్నాడు. "ఎట్టా ఉంది అన్నా? పని చేసిద్దా?" అని అడిగి, దయామణి ఫోన్ నంబరు రాయించుకున్నాడు. మస్తానమ్మ అతని వెనక నిలబడి, "నన్నడగవా?" అంది. అదే ఆ వీధి ఆమె నోటినుంచి విన్న చివరి ఎత్తిపొడుపు.

నెల తిరిగేసరికి వీధి మొత్తం సర్దుకుంది. గిన్నెలు విసిరేసిన చప్పుడు లేదు, తలుపు దబాలున మూసిన చప్పుడు లేదు. సాయంత్రాలు మగవాళ్ళు టీకొట్టు దగ్గర చేరి, మా ఇంట్లో ఏ ఇబ్బందీ లేదంటే మా ఇంట్లో లేదని చెప్పుకున్నారు. విభాగానికి ఇంకో గది ఇచ్చారు.

వీరరాఘవులుకే ఒక చిన్న ఇబ్బంది మిగిలింది. తాను చదివిన మూడూ ఆమె లోపల లేవు. తన లోపల ఉన్నాయి. వాటిని ఎవరికి అప్పజెప్పాలో తెలియలేదు. కూరలో ఉప్పు లేదని ఉత్తినే అని చూశాడు. "అట్టాగే, రేపు వేస్తాను" అంది. మూతి ముడుచుకుంటుందేమోనని చూశాడు. ముడుచుకోలేదు.

ఒక మధ్యాహ్నం అన్నానికి కూర్చుని, ఆమె వడ్డిస్తుంటే, ఆయనే మొదలుపెట్టాడు.

"ఒక ఇంట్లో పెళ్ళిచూపులు జరుగుతున్నాయంట. అదే టైముకి కోడలికి తల్లి పోయిందని కబురొచ్చింది. చుట్టాలు తిని లేచేదాకా ఏడవొద్దన్నారు అత్తగారు. ఆ పిల్ల అట్టాగే వడ్డించిందంట. పొయ్యేసరికి శవం లేదు."

సుగుణమ్మ గరిటె ఆపి విన్నది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"అయ్యో పాపం, ఎట్టా తట్టుకుందో. ఆ పిల్ల మొగుడు ఏమీ అనలేదా?"

"తింటున్నాడు."

"ఎవరండీ వాళ్ళు? మనకి తెలిసినవాళ్ళా?"

వీరరాఘవులు ఆమె మొహంలోకి చూశాడు. ఎవరికో జరిగిన దానికి ఒక మంచి మనిషి ఎంత బాధ పడాలో అంతా ఉంది అందులో. అంతకు మించి ఏమీ లేదు.

"కాదులే. ఎవరో."

ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుని, గిన్నె మూత తీసింది. "పులుసు పొయ్యనా?"

ఆయన పళ్ళెం ముందుకు జరిపాడు. ఆమె పోసింది.