గ్రీన్ టీలో లేని పదార్థం

ఆకుపచ్చ తేనీటి పరిశోధనా సంస్థ వారు యావన్మందికీ సగర్వంగా తెలియజేయునదేమనగా, గ్రీన్ టీ సర్వరోగ నివారిణి అని తేలిపోయింది. ఇక పరిశోధన చేయడమొక్కటే మిగిలింది.

సంస్థ డైరెక్టరుగారు సామాన్యులు కారు. గ్రీన్ టీలో ఎపిగాల్లోకెటెకిన్ గాలేట్ అనే పదార్థముంది. ఆ పేరును ఊపిరి తిప్పుకోకుండా పలకగలిగినందుకే ఆయనకు ఆ పదవి దక్కిందని గిట్టనివాళ్ళు అంటారు. గిట్టేవాళ్ళూ అదే అంటారు.

పరిశోధన భారం ఒక కెమిస్టు మీద పడింది. ఆవిడకు అబద్ధమాడటం చేతకాదు. ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు ఈ లోపాన్ని ఎవరూ గమనించలేదు. ఆవిడ మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళను పోగుచేసి, సగం మందికి గ్రీన్ టీ, మిగతా సగానికి అదే రంగూ అదే చేదూ కలిపిన ఉత్త వేడినీళ్ళూ ఏర్పాటు చేసింది. ఏ కప్పులో ఏముందో తాగేవాళ్ళకూ తెలియదు, ఇచ్చేవాళ్ళకూ తెలియదు. ఏ ఆఫీసులోనైనా పనులు జరిగే పద్ధతే ఇది. సైన్సులో మాత్రం దీన్ని గొప్పగా చెప్పుకుంటారు.

మనుషులు చాలక ఆవిడ తన అత్తగారిని కూడా చేర్చుకుంది. ఇందులో బంధుప్రీతి ఏమీ లేదు. మోకాళ్ళ విషయంలో ఆ వీధిలో అత్తగారికి సాటి వచ్చే అభ్యర్థి లేరు. మొదటిరోజు సంస్థ మెట్లను రెండు చేతులా కమ్మీ పట్టుకుని, మెట్టుమెట్టుకీ కట్టినవాణ్ణి తిడుతూ ఎక్కారు.

వారం వారం కెమిస్టు ఒక్కొక్కరినీ కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, కప్పు చేతికిచ్చి అడిగేది. నిద్ర పట్టిందా? నొప్పి ఎక్కడ? దేనివల్ల ఎక్కువవుతోంది? మధ్యలో మాట అడ్డం వేయరాదని నియమం. అంతా అయ్యాక “ఇంకేమైనా ఉందా?” అని తప్పనిసరిగా అడగాలి. అత్తగారు మోకాలితో మొదలుపెట్టి, పెళ్ళిలో కరిచిన చెప్పుల మీదుగా, ఆడపడుచు అన్న మాట దాకా వెళ్ళేవారు. కెమిస్టు తలూపుతూ రాసుకునేది. ఇదే కోడలు ఇంట్లో “తర్వాత చెబుదురుగాని అత్తయ్యా” అంటూ సాగిపోయేదన్న సంగతి ఈ పరిశోధన పరిధిలోకి రాదు.

కొన్నాళ్ళకు అత్తగారు కమ్మీ వదిలేశారు. కూరగాయల కొట్టు దగ్గర నిలబడి, “గాలేటమ్మా, గాలేటు! మా కోడలు పనిచేసే చోటే ఇస్తారు” అని బంగాళాదుంపలు ఏరుకునేవాళ్ళకు ఉచితంగా ఉపన్యాసాలిచ్చారు.

తీరా ఫలితాలు విప్పితే, రెండు జట్ల మోకాళ్ళూ సమానంగా బాగుపడ్డాయి. అత్తగారు తాగింది వేడినీళ్ళు.

“వేడినీళ్ళు తాగినవాళ్ళకీ అంతే తగ్గింది సార్,” అంది కెమిస్టు.

“అంటే మన టీ ప్రభావం పక్క కుర్చీదాకా పాకిందన్నమాట!”

“కాదండీ. తగ్గించింది టీ కాదేమో. మనం కూర్చోబెట్టి అడిగాం. చెప్పింది విన్నాం.”

డైరెక్టరుగారు జాలిగా చూశారు. “దాన్ని సంచీలో పోసి దారం కట్టగలమా తల్లీ?”

“కట్టలేం సార్.”

“మరైతే అది సైన్సెలా అవుతుంది?”

తాగినవాళ్ళకు నిజం చెప్పాలన్నది కూడా నియమమే. కెమిస్టుకు డైరెక్టరంటే భయం వేయలేదు గానీ, అత్తగారి మోకాళ్ళంటే భయం వేసింది. నిజం చెబితే నొప్పి తిరిగొస్తే? వంటింట్లో పాలు కాస్తూ, గోడకేసి చూస్తూ చెప్పేసింది. “అత్తయ్యా, మీరు తాగింది గ్రీన్ టీ కాదు. ఉత్త వేడినీళ్ళు.”

అత్తగారు పీట మీద కూలబడ్డారు. “అదీ సంగతి! పొద్దున్నుంచీ ఎందుకు సలుపుతోందా అనుకుంటున్నాను.”

కోడలు గబుక్కున ఎదురుగా కింద కూర్చుంది. “ఎక్కడ సలుపుతోంది?”

“ఎక్కడని చెప్పనే...” అంటూనే అత్తగారు చెప్పారు. మోకాలి చిప్ప కిందినుంచి మొదలై, ఆడపడుచుతో ఆగక, భర్త చనిపోయిన ఏడాది ఎవరికీ చెప్పుకోని మాటల దాకా వచ్చింది. కోడలు లేవలేదు.

“ఇంకేమైనా ఉందా అత్తయ్యా?”

“ఉంది. పాలు పొంగుతున్నాయి. నువ్వు కూర్చో, నేనాపుతాను,” అని అత్తగారు చివాలున లేచి వెళ్ళారు.

పత్రికలవారి సమావేశంలో డైరెక్టరుగారు గంభీరంగా సెలవిచ్చారు. “సోదర సోదరీమణులారా! గ్రీన్ టీ ఎంత శక్తివంతమైనదంటే, తాగకపోయినా పనిచేస్తుంది!” చప్పట్లు ఆగాక కెమిస్టు లేచి, ఉన్నదున్నట్టు చెప్పింది. మనిషిని మనిషి పలకరించి, చెప్పింది వింటే నొప్పి తగ్గినట్టు కనబడుతోందని. అందుకు ప్రతిఫలంగా ఆవిడను గోదాము విభాగానికి బదిలీ చేసి సత్కరించారు.

ఆ మాట పత్రికల్లో రావడంతో సంస్థకు ఉత్తరాలు వెల్లువెత్తాయి. పలకరింపు పరగడుపున మంచిదా, భోజనమయ్యాకనా? షుగరున్నవాళ్ళను పలకరించవచ్చా? ఫోన్లో శుభోదయం బొమ్మ పంపితే అదే గుణం ఇస్తుందా? అమ్మ దగ్గర కూర్చోవడానికి తీరిక లేదు, ఇది ప్యాకెట్లలో ఎప్పుడొస్తుంది?

అన్నిటికీ వరుసక్రమంలో జవాబిస్తారు. తొందరపడవద్దు. తమరు రాసిన ఉత్తరం కూడా అందింది.